సీసాలు ఎటు పడ్డాయి?

పిచ్చిక ఆ సాయంత్రం మందుల ఫ్యాక్టరీ నుంచి ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా నేరుగా పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఏప్రన్ నిండా దగ్గుమందు చింది, ఎండి, అట్టకట్టింది. కుడి బొటనవేలి మీద గాజుపెంకు గీరిన గీత సన్నగా, ఎర్రగా కనిపిస్తోంది. నీళ్ళ కింద చేతులు పెట్టి వేళ్ళ సందుల్లో జిగట పోయేదాకా రుద్దుకుంటూ, వెనకాలే వచ్చి నిలబడ్డ వదినతో జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. ఇవాళ మళ్ళీ సీసాలు పడ్డాయట. అదీ మందు నింపిన సీసాలు. గాజుముక్కలు ఎందులో దూరాయో తెలియదు కాబట్టి ఆ పూట సరుకంతా పారబోయించారట. లైను నెమ్మది చేసేటప్పుడు ఈవిడగారు మీట కుదుపుగా తిప్పుతుంది, అందుకే పడుతున్నాయి అని సూపర్‌వైజరు పదిమందిలో అన్నాడట. శనివారం విచారణ. అప్పటిదాకా లైను దగ్గరికి రావద్దు, లేబుళ్ళ గదిలో కూర్చోమన్నారట.

వదిన అంతా శ్రద్ధగా విని, "ఎటు పడ్డాయి?" అని అడిగింది.

"ఏంటి?"

"సీసాలు. ముందుకి పడ్డాయా, వెనక్కి పడ్డాయా?"

పిచ్చిక కుళాయి కట్టేసి ఆమె మొహంలోకి చూసింది. "నా ఉద్యోగమే పడేలా ఉంది వదినా. సీసాలు ఎటు పడ్డాయో నేను చూసుకోలేదు," అని తడిచేతులతోనే లోపలికి వెళ్ళిపోయింది.

వదినకి ఆ మాట చురుక్కుమనిపించింది. అయినా సీసాలు ఎటు పడి ఉంటాయన్న ఆలోచన బుర్రలోంచి పోలేదు. ఆమె స్వభావమే అంత. మరుదులూ ఆడపడుచూ పిలిచిన పిలుపే వీధంతా పాకి, ఇప్పుడు అందరికీ ఆమె వదినే. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆమె పని. పొద్దున్నే దుకాణానికి వెళ్ళేముందు మాత్రం ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల దగ్గర ఆమెది వేరే లోకం. పాత సామాన్ల బజారులో ఏరుకొచ్చిన, ఫ్యాక్టరీ యంత్రాల్ని అదుపుచేసే పెట్టెలు, మోటార్లు, మీటర్లు, రంగురంగుల తీగలు ఆ బల్ల మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కంప్యూటరులో ఆమె బంతులు ఎగరేస్తుంది, గొలుసులు ఊపుతుంది, తొట్లలో నీళ్ళు నింపుతుంది. ఆ తొట్టిలో నీళ్ళు నిండితే బల్ల మీదున్న నిజం పెట్టె నమ్మి నిజం మోటారుని ఆపేస్తుంది. చుక్క నీరు లేకుండా తొట్టి నిండిందని ఒక ఇనప్పెట్టెని నమ్మించగలగడం ఆమెకి ఎన్నిసార్లు చూసినా తనివి తీరని సరదా. స్కూలు వ్యాను నడిపే భర్త దాన్ని "నీ మాయబజారు" అంటాడు. అంటూనే పాత సామాన్లవాడి దగ్గర ఏదైనా కనిపిస్తే సీటు కింద పెట్టుకుని తెచ్చిపెడతాడు.

మర్నాడు పొద్దున పిచ్చిక కాఫీ గ్లాసుతో వచ్చి ఆ బల్ల పక్కన నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ముందుకే," అంది. "రాత్రంతా అదే గుర్తు చేసుకున్నాను. అన్నీ ముందుకే పడ్డాయి. అదీ ఒక్క చోటే, రెండు బెల్టులూ కలిసేచోట."

వదిన కుర్చీ జరిపి ఆమెకి చోటిచ్చింది. ఇక మొదలయ్యాయి ప్రశ్నలు. వెనక బెల్టు మీద సీసాల్లో మందు పడుతుంది, అక్కణ్ణుంచి అవి ముందు బెల్టు మీదికి జారి మూతల యంత్రంలోకి వెళతాయి. మూతల దగ్గర సీసాలు గుమిగూడితే పిచ్చిక మీట తిప్పి లైను నెమ్మది చేస్తుంది. అప్పుడే పడుతున్నాయి. ప్రతిసారీ కాదు, కొన్నిసార్లే. అద్దం ముందు తల దువ్వుకుంటున్న భర్త అక్కణ్ణుంచే అందుకున్నాడు. బ్రేకు కొడితే పిల్లలంతా ముందుకి తూలతారు, బండి ఎత్తుకుంటే వెనక్కి తూలతారు, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోడానికేముంది, ఏదో బ్రేకు పడుతోంది అన్నాడు.

"బండంతా ఒకేసారి ఆగితే అందరూ తూలాలి. ఒక్క తలుపు దగ్గరవాళ్ళే ఎందుకు తూలుతున్నారు మరి?" అంది వదిన.

ఆయన దువ్వెన ఆపి ఆలోచించాడు. అలా ఆలోచిస్తూనే వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

*

ఆ పూట నుంచి వదిన కంప్యూటరులో బొమ్మలైను కట్టడం మొదలుపెట్టింది. సీసాని గీయడం తేలికే, దాన్ని సీసాలా ప్రవర్తింపజేయడమే కష్టం. మొదట అవి మంచు మీద పెట్టినట్టు బెల్టు మీద జర్రున జారిపోయాయి. రాపిడి పెంచితే బంక పూసినట్టు అంటుకుపోయాయి. ఒక సీసా అయితే బెల్టులోకి సగం కూరుకుపోయి, ఉన్నట్టుండి తారాజువ్వలా ఎగిరి తెర పైఅంచు దాటి మాయమైపోయింది. పిచ్చిక ఎంత దిగులులో ఉన్నా అది చూసి ఫక్కున నవ్వింది.

అంచనాలతో లాభం లేదని వదినకి అర్థమైంది. పిచ్చిక ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియనుని అడిగి విరిగిన బెల్టు ముక్కొకటి తెచ్చింది. దాన్ని కూరలు తరిగే చెక్క మీద బిగించి, పైన మందుసీసా నిలబెట్టి, చెక్కని ఒక కొస నుంచి మెల్లమెల్లగా పైకెత్తారు. జారుతుందా, ముందే ఒరిగిపోతుందా? ఖాళీ సీసా ఒకలా, నిండు సీసా ఇంకోలా, సగం నింపింది మరోలా చేస్తోంది. కింద దుప్పటి పరిచి భర్తని క్యాచ్ పట్టుకోమన్నారు. ఆయన మొదటిది వదిలేశాడు, తర్వాతవన్నీ పట్టాడు. వంపు ఎంతో ప్రతిసారీ కొలిచి వదిన ఆ విలువలు కంప్యూటరుకి ఇచ్చింది. అప్పుడు గాని బొమ్మసీసాలు సీసాల్లా మసలలేదు. కుదుపుకి కొంచెం ఊగుతున్నాయి, ఊగి మళ్ళీ నిలదొక్కుకుంటున్నాయి. గట్టిగా కుదిపితే పడుతున్నాయి.

బెల్టులు మాత్రం బొమ్మవి కాకూడదనుకుంది. ఫ్యాక్టరీలో పిచ్చిక మీట తిప్పితే ఆ మాట నేరుగా మోటారుకి వెళ్ళదు. మధ్యలో ఒక కంట్రోలరు పెట్టె ఉంది. అది ఒకే తీగ మీద అన్ని పరికరాలతోనూ మాట్లాడుతుంది. ఒక్కో మోటారుకీ వేగం అదుపుచేసే డ్రైవు అనే పెట్టె ఒకటి. హాజరు పిలిచినట్టు కంట్రోలరు ఒక్కొక్కరినీ నంబరు ప్రకారం పిలుస్తుంది, చెప్పాల్సింది చెబుతుంది, జవాబు విని తర్వాతవాళ్ళ దగ్గరికి వెళుతుంది. పక్కవాళ్ళ వంతులో ఇంకొకరు నోరెత్తడానికి లేదు. వదిన దగ్గర అలాంటి కంట్రోలరూ ఉంది, రెండు డ్రైవులూ ఉన్నాయి. వాటిని ఒకే తీగకి కలిపి, రెండు మోటార్లు తగిలించి, ఆ మోటార్లు తిరిగే వేగాన్నే బొమ్మబెల్టులు అందుకునేలా చేసింది. సీసాలు ఒట్టి బొమ్మలు, వాటి కింద పరుగు మాత్రం నిజం.

గురువారం పొద్దున పిచ్చిక చేతికి కంట్రోలరు మీట ఇచ్చి తిప్పమంది. పిచ్చిక రోజూ తిప్పినట్టే మెత్తగా తిప్పింది. సీసాలు పడలేదు. కుదుపుగా తిప్పమంది. పడలేదు. కసిదీరా తిప్పమంటే, సూపర్‌వైజరు చెవి మెలేసినట్టు మెలేసింది. అయినా పడలేదు. మీట ఎంత మొరటుగా తిప్పినా డ్రైవులు తమ పద్ధతిలో నిదానంగానే వేగం తగ్గిస్తున్నాయి. సీసాలు కొంచెం ముందుకి వంగి, దణ్ణం పెట్టినట్టు పెట్టి, లేచి నిలబడుతున్నాయి.

"అయితే నా తప్పు లేదన్నట్టేగా?" అంది పిచ్చిక. మొహం విప్పారింది.

"మీట తప్పు కాదు," అని వదిన తెర వంకే చూస్తూ ఉండిపోయింది. మీట కాదు, బెల్టులు కాదు. మరి అక్కడ ఎందుకు పడుతున్నట్టు? ఆ ఆలోచనలోనే, ఎదురుగా ఉన్నది ఎవరో మరిచిపోయి, "జాయింటు దగ్గర చెయ్యేమీ తగల్లేదుగా నీది?" అనేసింది.

 పిచ్చిక మీటని బల్ల మీద నెమ్మదిగా పెట్టింది.

"సూపర్‌వైజరు మీట తిప్పానన్నాడు. నువ్వు చేత్తో తోశానంటున్నావు. వాడే నయం."

"నేననలేదే అలా. అన్నీ చూడాలి కదా అని..."

"చూడు. అన్నీ చూడు. నీకు సీసాలు ఎందుకు పడ్డాయో కావాలి. నేనేమైపోయినా ఫరవాలేదు."

ఆ రోజు దుకాణంలో వదినకి చేతులాడలేదు. ఒకరి అద్దం కొలత తేడాగా అరిగి మళ్ళీ మొదటికొచ్చింది. పిచ్చిక అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. సీసాలు ఎందుకు పడ్డాయో ఆమెకి నిజంగానే కావాలి, ఆకలేసినట్టు కావాలి. అది తెలిస్తే పిచ్చిక బయటపడుతుందన్న ఆలోచన ఆ తర్వాత వచ్చిందే. ఆ వరసే తప్పేమోనని మొదటిసారి అనిపించింది. సాయంత్రం ఇంటికి వచ్చి, బల్ల వైపు పోకుండా పిచ్చిక గది గుమ్మం దగ్గర నిలబడి, "పొద్దున అలా అనకుండా ఉండాల్సింది," అంది.

పిచ్చిక మంచం మీద బట్టలు మడతపెడుతోంది.  ఒక దుప్పటి వదిన వైపు నెట్టి, "కొస పట్టుకో," అంది. ఇద్దరూ దుప్పటి దులిపి మడిచారు.

"ఇదివరకు పడేవి కావుగా. లైనులో ఈమధ్య కొత్తగా ఏమైనా పెట్టారా?" అని వదిన భయపడుతూనే అడిగింది.

"ఏమీ పెట్టలేదు. మా బోర్డు తప్ప."

ఆ బోర్డు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. లైను ఇంత వేగమే నడవాలని ఎప్పుడో ఒప్పందం ఉంది. సూపర్‌వైజరు చడీచప్పుడు లేకుండా కొంచెం కొంచెం పెంచేవాడు. పెంచావంటే, మీకు బద్ధకమెక్కువైందనేవాడు. లైను మీద ఆడవాళ్ళంతా కలిసి మేనేజరుతో పోట్లాడి, వేగం ఎంతో ఎర్రటి అంకెల్లో అందరికీ కనపడేలా బోర్డు పెట్టించుకున్నారు. ముందు నిలబడి అడిగింది పిచ్చికే. అది తగిలిస్తున్న రోజున నిచ్చెన పట్టుకుంది కూడా ఆమే.

"తీగ ఎక్కణ్ణుంచి ఇచ్చారు దానికి?"

"కొత్త తీగ ఎందుకు, ఉన్నదానికే తగిలిస్తా అన్నాడు ఎలక్ట్రీషియను. రెండో నంబరు ఖాళీగా ఉందని అదే ఇచ్చాడు. ఒకటి ముందు బెల్టుట, మూడు వెనక బెల్టుట. నాకెందుకు చెబుతున్నాడో అప్పుడు అర్థం కాలేదు."

వదిన చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

*

శుక్రవారం తెల్లారగానే వదిన బల్ల కింద అట్టపెట్టెలన్నీ బయటికి లాగి పాత అంకెల బోర్డు ఒకటి వెతికి తీసింది. దానికి రెండో నంబరు ఇచ్చి, రెండు డ్రైవుల మధ్య తగిలించింది. పిచ్చిక మీట తిప్పింది. సీసాలు వంగి లేచాయి. మళ్ళీ తిప్పింది. మళ్ళీ లేచాయి. ఆ తర్వాత ఒకసారి తిప్పినప్పుడు రెండు బెల్టులు కలిసేచోట ఒక సీసా ముందుకి తూలింది. వెనకదొచ్చి దాన్ని గుద్దింది, దాన్ని ఇంకోటి. చూస్తుండగానే జాయింటు దగ్గర కుప్ప పడింది. అన్నీ ముందుకే.

 వదిన ఇంకా కొన్నిసార్లు తిప్పించి, తీగ మీద మాటలు ఎలా వెళుతున్నాయో తెర మీద పక్కనే పరిచి చూపించింది. వేగం తగ్గించమని ముందు బెల్టుకి కబురు అందుతోంది. తర్వాత వంతు బోర్డుది. సరిగ్గా అంకె మార్చుకుంటున్నప్పుడు పిలిస్తే బోర్డు వెంటనే పలకదు. పలికేదాకా కంట్రోలరు దాని దగ్గరే నిలబడిపోతోంది. ఈలోగా వెనక బెల్టుకి కబురే లేదు. ముందు బెల్టు నెమ్మదించింది, వెనక బెల్టు ఎప్పటిలాగే తోసుకొస్తోంది. కన్ను మూసి తెరిచేంత ఆలస్యం చాలు.

 వదినకి పట్టలేనంత సంతోషంగా ఉంది. పిచ్చిక వైపు తిరిగేసరికి ఆమె మొహం పాలిపోయి ఉంది.

"అంటే పడేస్తోంది మా బోర్డన్నమాట," అంది.

వదినకి అప్పుడు తట్టింది. ఇది చెబితే పిచ్చిక మీద మాట పోతుంది, బోర్డూ పోతుంది. సూపర్‌వైజరు పండగ చేసుకుంటాడు. చెప్పకపోతే బోర్డు ఉంటుంది, పిచ్చిక ఉండదు.

"నేను చెప్పను వదినా," అంది పిచ్చిక. "అది రావడానికి ఎంతమంది ఎన్ని మాటలు పడ్డారో నీకు తెలియదు. నన్ను లేబుళ్ళ గదిలోనే కూర్చోబెట్టనీ."

 వదిన బోర్డు వెనక చిన్న స్విచ్చులు జరిపి దాని నంబరు నాలుగు చేసింది. ఇప్పుడు వరసలో ముందు బెల్టు, వెంటనే వెనక బెల్టు, ఆఖర్న బోర్డు. మీట పిచ్చిక చేతికిచ్చింది. ఆమె తిప్పింది. దుకాణం తెరిచే వేళ దాటిపోయి యజమాని ఫోను చేసేదాకా తిప్పుతూనే ఉంది. బోర్డు తడుముకున్నప్పుడల్లా అంకె కొంచెం ఆలస్యంగా మారుతోంది. సీసాలు మాత్రం ఒక్కటీ పడలేదు.

*

విచారణకి తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు కాబట్టి వదిన వెళ్ళింది. మేనేజరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయన కళ్ళజోడు ముక్కు మీంచి జారిపోతుంటే వేలితో తోసుకుంటున్నాడు. దాని ముక్కుపట్టీలు వంచి సరిచేయాలని వదినకి చేతులు జిలపెట్టాయి గాని ఊరుకుంది. వదిన ఇంట్లో కనిపెట్టిందంతా పిచ్చిక తనంతట తనే చెప్పింది. ముందు బెల్టు, బోర్డు, వెనక బెల్టు అని బల్ల మీదున్న పేపర్‌వెయిట్లు వరసగా పెట్టి చూపించింది. ఎలక్ట్రీషియను మధ్యలో అందుకుని, రెండో నంబరు ఇచ్చింది తనేననీ, ఇలా అవుతుందని ఊహించలేదనీ ఒప్పుకున్నాడు. అందరూ లైను దగ్గరికి నడిచారు.

వదిన నిజం లైను చూడటం అదే మొదలు. ఆ చప్పుడు, ఆ తీపివాసన, వేలకొద్దీ సీసాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ చేసే గలగల, ఇవేవీ ఆమె బొమ్మలో లేవు. సీసాలు ఖాళీవి పెట్టించి నడిపారు. పిచ్చిక మీట తిప్పింది. కొన్నిసార్లకి జాయింటు దగ్గర కుప్ప పడింది. ఎలక్ట్రీషియను నిచ్చెనెక్కి బోర్డు నంబరు మార్చి, కంట్రోలరు దగ్గర కూర్చుని పిలుపుల వరస సరిచేశాడు. ఆ తర్వాత మేనేజరు స్వయంగా మీట పట్టుకుని చాలాసేపు తిప్పాడు. ఒక్కటీ పడలేదు.

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "ఇంత తతంగం ఎందుకు సార్, ఆ బోర్డు పీకేస్తే పోలా," అన్నాడు.

మేనేజరు వదిన వైపు చూశాడు. "పోతుందా?"

అబద్ధం చెప్పడం వదినకి చేతకాదు. "పోతుంది. కాని రేపు ఈ తీగ మీద ఇంకేది తగిలించినా మళ్ళీ ఇదే గొడవ. వరస సరిచేస్తే ఏది పెట్టుకున్నా ఫరవాలేదు."

మేనేజరు తల పంకించి, బోర్డు ఉండనిమ్మన్నాడు. పిచ్చికని సోమవారం నుంచి లైను మీదికి రమ్మన్నాడు. సూపర్‌వైజరు పదిమందిలో అన్న మాట ఎవరూ ఎత్తలేదు. పిచ్చిక ఒక క్షమాపణ మాట కోసం కొంచెంసేపు ఎదురుచూసి, ఇక రాదని తెలిశాక ఏప్రన్ సర్దుకుంది.

బయటికి వస్తుంటే మేనేజరు వదిన పక్కనే నడిచాడు. ఇంట్లో కూర్చుని ఇదంతా ఎలా చేశారని అడిగాడు. వదినకి ఎవరైనా ఆ మాట అడగడమే తరవాయి. చెక్క ఎత్తి వంపు కొలవడం దగ్గర్నుంచి ఎగిరిపోయిన సీసా దాకా అన్నీ చెప్పుకొచ్చింది. ఆయన ఆసక్తిగా విన్నాడు. విని, "అయితే మీ బొమ్మలో చూసి ఇంకొకటి చెప్పగలరా? సీసాలు పడకుండా ఈ లైను ఎంత వేగం దాకా పోగలదు?" అన్నాడు.

వదినకి జవాబు తెలుసు. శుక్రవారం రాత్రే, ఊరికే ఉండబట్టలేక, వేగం పెంచుకుంటూపోయి చూసింది. అంకె నాలుక చివరిదాకా వచ్చింది. వెనక పిచ్చిక చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

"చూసి చెబుతాను," అంది వదిన.

 వీధి మలుపులో పిచ్చిక, "నీకు తెలుసు కదూ?" అని అడిగింది.

"తెలుసు."

"ఎంత?"

"ఇప్పుడున్నదానికి దాదాపు రెట్టింపు."

పిచ్చిక తలొంచుకుని నడిచింది. వదిన తన చేతుల్లోకి తను చూసుకుంది. సీసాలు ఎంత వేగానికి పడతాయో తెలుసుకోవాలనిపించింది, తెలుసుకుంది. అది ఇంకొకరి చేతికి చేరితే ఏమవుతుందో అన్నది అప్పుడు ఆలోచించనే లేదు. తెలియదని చెబితే ఒక్కమాటతో పోతుంది. కాని తెలిసినదాన్ని తెలియదనడం ఎలాగో ఆమెకి తోచలేదు. అలా నడుస్తూనే, తన బొమ్మలైనుకీ పొద్దున చూసిన లైనుకీ ఉన్న తేడాలు లెక్కపెట్టుకోసాగింది. చప్పుడు లేదు. వాసన లేదు. ఇంకేదో పెద్దది లేదు. గుమ్మంలో అడుగు పెడుతుండగా అదేమిటో తెలిసింది.

ఆదివారం పొద్దున వదిన భోజనాల బల్ల ఖాళీ చేసి, బల్లగుడ్డ పరిచి, దాని మీద మందుసీసాలు వరసగా పేర్చి, పిచ్చికని పిలిచి ఎదురుగా నిలబెట్టింది. భర్తని బల్లగుడ్డ కొస పట్టుకుని బెల్టు నడిచినట్టు సమానంగా లాగమంది.

"నువ్వు అక్కడ ఏం చేస్తావో ఇక్కడ అదే చెయ్యి. తొందరపడకు."

పిచ్చికకి ముందు నవ్వొచ్చింది. తర్వాత చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. ఎడమచేయి జాయింటు మీద కాపలా. కళ్ళు సీసా మెడ మీద, పగులుందేమోనని. కుడిచేయి ఒరిగినదాన్ని మెడ పట్టి నిలబెడుతుంది, పగిలినదాన్ని పక్కకి తీస్తుంది, మీట దగ్గరికి పోయి వస్తుంది. నుదుటి మీద జుట్టు మణికట్టుతో తోసుకోవడం కూడా చేసింది. తోసుకున్నంతసేపూ రెండు సీసాలు చూడకుండానే వెళ్ళిపోయాయి. అవి వెళ్ళిపోయాయని వదిన చెబితే గాని ఆమెకి తెలియలేదు.

"రోజూ ఇలాగే పోతున్నాయా?" అంది పిచ్చిక తన చేతుల వంక చూసుకుంటూ.

వదిన ఒక్కో కదలికకీ ఎంతసేపు పడుతోందో గడియారంతో చూసి రాసుకుంది. అలిసిపోయాక ఎంత పడుతుందో కావాలని, భర్త చేతులు నొప్పెడుతున్నాయని గోల పెట్టేదాకా లాగించింది. తర్వాత బొమ్మలైను పక్కన ఒక మనిషిని నిలబెట్టింది. అందమేమీ లేదు, రెండు చేతులూ రెండు కళ్ళూ ఉన్న గీతల బొమ్మ. దానికి పిచ్చిక వేగమే ఇచ్చింది. చూడకుండా ఏ సీసా దాటకూడదు, జుట్టు తోసుకునే వ్యవధి ఉండాలి అని చెప్పి, ఆ లెక్కన లైను ఎంత వేగం పోవచ్చో తేల్చమంది.

కంప్యూటరు కాసేపు ఆలోచించుకుని ఒక అంకె చూపించింది.

పిచ్చిక వంగి చూసింది. మళ్ళీ చూసింది. ఫ్యాక్టరీలో ఎర్రటి అంకెల్లో వెలిగే వేగానికి అది బాగా తక్కువ.

"ఇదా పంపిస్తావు ఆయనకి?"

వదిన అప్పటికే టైపు చేస్తోంది. సీసాలు ఎంత వేగందాకా నిలబడతాయో మొదటి వరసలో రాసింది. చూసే మనిషి ఉండాలంటే ఎంతో రెండో వరసలో రాసింది. రెండూ ఎలా కొలిచిందో కింద వివరంగా పెట్టింది.

"అడిగారుగా మరి," అంది.